గీత చెరగని మాట

నూకరత్నం టెర్మినల్ మార్చిందన్న కబురు టీ వేళకల్లా ప్రయోగశాల అంతా పాకిపోయింది. ఇందులో కబురేముంది అనుకునేవాళ్లు లినక్స్ మనుషులతో వేగని అదృష్టవంతులు. బొమ్మల మీద నొక్కకుండా, అక్షరాలు కొట్టి కంప్యూటర్‌కి పని చెప్పే కిటికీని టెర్మినల్ అంటారు. పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటారు కనక, సొంత వంటింటి మీద ఉండేంత పట్టింపు వాళ్లకి దాని మీద ఉంటుంది. అక్షరం ఎంత ఉండాలి, రంగు ఏది, ఏ మీట నొక్కితే ఏ మూల తెరుచుకోవాలి, అన్నీ లెక్కే. రత్నం ఇంజనీరింగ్ చదివే రోజుల్లో పెట్టుకున్న నల్ల కిటికీనే ఇన్నేళ్లూ అంటిపెట్టుకుని ఉంది. తోటి ఇంజనీరు ఫిరోజ్ తను తయారుచేసిన కొత్తది వాడి చూడమని నెల్లాళ్లుగా ప్రాణం తీస్తుంటే, ఇక తప్పదని ఆ రోజు సరేనంది.

"ఒక్క పూట చూడండి రత్నం గారూ. నచ్చకపోతే మీ నల్లపిల్లి ఎక్కడికీ పోదు," అన్నాడు ఫిరోజ్, ఆమె డెస్క్‌టాప్‌లో దాన్ని ఎక్కిస్తూ. దాని పేరు 'ఎరుక' అని పెట్టుకున్నాడు.

"సోది కూడా చెబుతుందా ఏంటి?" అంది రత్నం.

"అదే చెబుతుంది. మీరే చూడండి."

భీమిలి దాటాక సముద్రానికి ఎదురుగా ఉన్న చిన్న గుట్ట మీద ఆ ప్రయోగశాల ఉంది. దాని కిటికీలోంచి కనిపించే నీళ్లలో, చాలా దూరాన, అడుగున ఒక ఉక్కు గది ఉంది. అందరూ నీటిగది అంటారు. అందులో ఒక మనిషి ఉంటున్నాడు. పైకి రాకుండా, బయటి సాయం లేకుండా, నీళ్లంత ఒత్తిడిలోనే తింటూ పడుకుంటూ పనిచేసుకుంటూ ఒక మనిషి ఎన్నాళ్లు ఉండగలడో చూడ్డమే ప్రయోగం. ఆ మనిషి పేరు ఎల్లాజీ. రత్నానికి తోడబుట్టిన తమ్ముడు.

ఓడల అడుగు గీకే పనికి నీళ్లలోకి దిగే ఎల్లాజీని ఈ పనికి సిఫారసు చేసింది రత్నమే. అతనంత ఊపిరి పట్టగలిగినవాడు, అతనంత తాపీగా ఉండేవాడు ఆ తీరంలో ఇంకొకడు లేడని ప్రయోగశాల పెద్దాయన చయనులు గారి ముందు గొప్పగా చెప్పింది. గది నీళ్లలోకి దిగిన రోజు తల్లి పోలమ్మ ఒడ్డున నిలబడి ఒకే మాటంది.

"నువ్వు దించేవు. మల్లా నువ్వే పైకి తే."

ఆ మాట రత్నం గుండెలో ముల్లులా ఉండిపోయింది. మిగతావాళ్లకి అది ప్రయోగం. ఆమెకి మాత్రం తమ్ముణ్ణి అమ్మకి తిరిగి అప్పగించాల్సిన పని.

గదితో మాట్లాడ్డం పెద్ద తపస్సు. నీళ్లలో రేడియో పనిచెయ్యదు. తీగ వేస్తే ట్రాలర్ల వలలకి చిక్కి తెగిపోతుంది. అసలు తీగ వెయ్యలేనంత దూరాల్లో రేపు ఇలాంటి గదులు పెట్టాలన్నదే వాళ్ల ఆశ కాబట్టి, శబ్దంతోనే మాట్లాడాలి. రత్నం కొట్టిన అక్షరాలు చప్పుళ్లుగా మారి, నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి, తప్పిపోకుండా మళ్లీ మళ్లీ పంపబడి, అటునుంచి జవాబు అలాగే రావడానికి నిమిషం పైనే పడుతుంది. గాలి ఎలా ఉందని అడిగి, ఆ నిమిషం సేపూ ఆమె గోళ్లు కొరుక్కునేది. రోజుకి ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

ఇప్పుడు కొత్త కిటికీలో 'గాలి' అని కొట్టి ఎంటర్ నొక్కింది. వేలు మీట మీంచి లేవకముందే జవాబు పరుచుకుంది. ప్రాణవాయువు ఇంత, బొగ్గుపులుసు వాయువు ఇంత, ఒత్తిడి ఇంత. ప్రతి వరసకీ కింద సన్నటి గీత.

"ఇదేంటి? ప్రశ్న ఇంకా నీళ్లలోకి కూడా దిగలేదు!"

"ఆగండి," అన్నాడు ఫిరోజ్ నవ్వుతూ.

నిమిషం దాటాక ఒక్కో వరస కింద గీత చెరిగిపోయింది. ఒక అంకె చివర మాత్రం కొద్దిగా మారింది.

"గీత ఉన్నంతసేపూ అది ఎరుక ఊహ. అసలు జవాబు వచ్చి ఊహతో సరిపోతే గీత పోతుంది. తేడా ఉంటే మాట మారుతుంది, అప్పుడు గీత పోతుంది. ఇన్నాళ్ల మీ సంభాషణలన్నీ చదివించాను దానికి. గది ఎలా ఊపిరి పీలుస్తుందో, మీ తమ్ముడు ఎలా మాట్లాడతాడో దానికి తెలుసు."

రత్నం నమ్మలేదు. 'ఏరా, ఎలాగున్నావు?' అని కొట్టింది.

'బావున్నానప్పా. నువ్వు తిన్నావా?' అని వచ్చింది, కింద గీతతో. నిమిషం తరవాత గీత పోయింది. అక్కని పిలిచే 'అప్పా'తో సహా అక్షరం మారలేదు.

"ఓలమ్మ!" అంది రత్నం. ఆఫీసులో ఆమె నోట ఊరి మాట రావడం అరుదు.

ఆమెని అసలు పడగొట్టింది ఈ సోది కాదు. పాత కిటికీలో తెలుగు కొడితే గుణింతాలు ఒక దిక్కు, ఒత్తులు ఒక దిక్కు చెల్లాచెదురయ్యేవి. అందుకని అక్కాతమ్ముళ్లిద్దరూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్లు. ఈ ఎరుక మాత్రం ఎల్లాజీ కొట్టిన ఇంగ్లీషు అక్షరాల్ని శుభ్రమైన తెలుగు చేసి, ముత్యాల్లా పేర్చి చూపించింది. తమ్ముడు మొదటిసారి తన భాషలో తనతో మాట్లాడినట్టనిపించింది రత్నానికి. ఆ సాయంత్రమే నల్ల కిటికీని మూసేసింది.

*

ఇంటికి లాప్‌టాప్ తెచ్చి తల్లికి చూపించింది. పోలమ్మ ఎండుచేపల తట్ట దించి, చేతులు కడుక్కుని, దేవుడి పటం ముందు కూర్చున్నంత జాగ్రత్తగా తెర ముందు కూర్చుంది.

"తిన్నాడా అని అడుగు."

రత్నం అడిగింది. 'తిన్నానని సెప్పు అమ్మకి. బెంగెట్టుకోవద్దను,' అని తక్షణం వచ్చింది.

"ఎంత బేగి సెప్పేడే! పక్కింట్లో ఉన్నట్టుంది," అని పొంగిపోయింది పోలమ్మ. అంతలోనే మొహం ముడుచుకుంది. "అయినా ఆడు బావున్నాననే అంటాడే. ఆడి నోట ఇంకో మాట ఎప్పుడైనా ఇన్నావా? సిన్నప్పుడు టేకుచేప ముల్లు కాల్లో దిగితే, ఏటీ నేదు ఏటీ నేదు అనుకుంటా నడిచొచ్చి గుమ్మంలో పడిపోయేడు. ఆడి మాట కాదు సూడాలి, మొహం సూడాలి."

"మొహం రాదమ్మా దీంట్లో. మాటలే వస్తాయి."

"మరైతే ఏటి లాభం," అంది పోలమ్మ. కానీ లేచి వెళ్లకుండా, ఇంకేదో అడగమంటూ చాలాసేపు కూర్చుంది.

ఆ రాత్రి తల్లీకూతుళ్లు ఇంకో సంగతి కూడా మాట్లాడుకున్నారు. ఇసకలో పడి ఎండిపోతున్న ఎల్లాజీ తెప్పని అమ్మేద్దామని పోలమ్మ చాన్నాళ్లుగా అంటోంది. తమ్ముడికి ఇక్కడే పక్కా ఉద్యోగం వస్తుంది, మళ్లీ వేటకి పోనక్కర్లేదు అన్నది రత్నం ధీమా. అమ్మెయ్యమంది. తన చేత్తో రంగులేసుకున్న తెప్ప అది. వాడికి చెబితే అగ్గిమీద గుగ్గిలం అవుతాడని ఇద్దరికీ తెలుసు. అందుకే ఎవరూ చెప్పలేదు.

*

కొత్త కిటికీలో రత్నానికి నచ్చనిది ఒకటే. ఆ గీత. ఇంగ్లీషు అక్షరాల కింద గీత గీస్తే దానికేం అడ్డం లేదు. తెలుగుకి కిందే ఉంటుంది సగం సంసారం. తమ్ముడు అన్నా అన్నం అన్నా ఆ గీత ఒత్తుల నడుం మీంచి పోయేది. తన పేరులోని న-ఒత్తు కూడా దానికింద నలిగిపోయేది. చదవడానికి కళ్లు చికిలించుకోవాల్సి వచ్చేది. లినక్స్ మనుషులు ఇలాంటివాటిని ఒక్క పూట కూడా ఓర్చుకోరు. సెట్టింగుల ఫైలు తెరిచి గీత రంగుని వెనక తెర రంగుతో సమానం చేసేసింది. అక్షరాలు హాయిగా ఊపిరి పీల్చుకున్నాయి.

"గీత కనపడకుండా చేశాను ఫిరోజ్. ఒత్తులు తినేస్తోంది," అని చెప్పింది మర్నాడు.

ఫిరోజ్ ఒక్క క్షణం తటపటాయించాడు. "ఉండాలి నిజానికి... నేనూ అలాగే చేశాన్లెండి నా దాంట్లో. ఎలాగూ నిమిషంలో పోయేదే కదా."

దాన్ని తయారుచేసినవాడే అలా అన్నాక ఇంకేముంది.

ఆ తరవాతి రోజులు రత్నానికి సుఖంగా గడిచాయి. అడిగిన వెంటనే జవాబు. మొదట్లో, నిమిషం అయ్యేదాకా ఆగి ఏదైనా మాట మారుతుందేమో చూసేది. మారేది కాదు. ఎప్పుడైనా ఒక అంకె కదిలితే కదిలేది. తరవాత ఆగడం మానేసింది. గోళ్లు కొరుక్కోవడం మానేసింది. చయనులు గారు కూడా ఆమె వెనక నిలబడి అంకెలు చూసి, "భేష్, గది గుండె గడియారంలా కొట్టుకుంటోంది," అని మురిసిపోయేవారు. మూడు నెలలకి అనుకున్న ప్రయోగాన్ని ఇంకొన్నాళ్లు పొడిగిద్దామన్న మాట కూడా వచ్చింది. ఎదురుచూడ్డం ఎంత కష్టమో అది పోయాక గానీ తెలియలేదు రత్నానికి, పోయినందుకు ఆమె సంతోషించింది కూడా.

*

తుపాను ఒరిస్సా వైపు పోతోంది, ఇటు అలలు మాత్రం లేస్తాయి, పడవలు దిగొద్దు అని హెచ్చరిక వచ్చిన రోజు అది. పొద్దున రత్నం డ్యూటీకి వచ్చేసరికే సముద్రం మట్టిరంగులో కుతకుతలాడుతోంది. అడుగున ఇంత ఉండదని అందరికీ తెలుసు. అయినా ఆమె మొదట అడుగున కుదుపు ఉందా అనే అడిగింది. ఎల్లాజీ జవాబు ఎప్పటిలాగే వచ్చింది. కాసేపటికి అతనే పలకరించాడు.

'టిఫిన్ తిన్నానప్పా. నిద్దరొస్తంది. కాసేపు పడుకోనా?'

'పడుకో. ఏం పర్లేదు,' అని కొట్టింది రత్నం.

ఇంకాసేపటికి మళ్లీ పలికాడు. 'బయటికెల్లి గది సుట్టూ వల బిగించే పని ఉంది. సెయ్యనా?'

'ఒద్దు. ఇవాళ అలలెక్కువ. కదలకుండా ఉండు.'

'సరే అప్పా,' అన్నాడు.

మధ్యాహ్నం పోలమ్మ ఫోన్ చేసింది. తెప్ప కొనుక్కున్నవాళ్లు బండి తెచ్చి తీసుకుపోయారని, ఇంక దాచి లాభం లేదని, పైకొచ్చాక ఇసకలో తెప్ప కనపడకపోతే వాడు ఊరుకోడని, ఇప్పుడే చెప్పెయ్యమని. రత్నం చాలాసేపు మీటల మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంది. చివరికి ధైర్యం చేసి కొట్టింది.

'ఒరే, కోప్పడకు. నీ తెప్ప అమ్మేశాం. అమ్మ, నేను కలిసే అనుకున్నాం.'

తిట్లకి సిద్ధపడి కూర్చుంది. జవాబు వెంటనే వచ్చింది.

'సరే అప్పా. మీ ఇష్టం. బావున్నాను.'

రత్నం గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఎంత ఎదిగాడు తమ్ముడు అనుకుంది. లేచి వెళ్లి టీ తెచ్చుకుంది. రెండు గుక్కలు తాగింది. మూడో గుక్కకి గ్లాసు ఎత్తబోయి ఆగింది.

ఎల్లాజీ ఆ మాట అనడు. ప్రాణం పోతున్నా అనడు. చిన్నప్పుడు తన గాలిపటం అక్క ఇంకొకరికి ఇచ్చేసిందని రెండ్రోజులు అన్నం ముట్టనివాడు. వాడు తెప్ప సంగతి విని 'మీ ఇష్టం' అన్నాడా?

టీ గ్లాసు పక్కన పెట్టి తెర వైపు చూస్తూ నిలబడింది. చాలా రోజుల తరవాత ఎదురుచూసింది. నిమిషం అయింది. రెండయ్యాయి. ఆ మాట మారలేదు. మారాలనే చూస్తోంది ఆమె. తమ్ముడు తనని తిట్టాలని అంతగా ఎన్నడూ కోరుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, గీత. సెట్టింగుల ఫైలు తెరిచి, ఒకటికి రెండుసార్లు తప్పు కొట్టి, గీత రంగుని ఎర్రగా మార్చింది. కిటికీ ఒక్కసారి రెపరెపలాడి మళ్లీ గీసుకుంది.

తెరంతా గీతలే. తెప్ప గురించిన జవాబు కింద గీత. దాని పైన గాలి అంకెల కింద గీత. పైకి జరిపింది. ఒత్తిడి కింద, వేడి కింద, టిఫిన్ తిన్నానన్న మాట కింద. ఇంకా పైకి జరిపింది. పొద్దున తను డ్యూటీకి రాకముందు నుంచే గీతలు. నడుమన ఒక్క 'సరే అప్పా' కింద మాత్రం లేదు. పొద్దుట్నుంచి ఆ తెర మీద తమ్ముడు నిజంగా అన్న మాట అదొక్కటే.

"ఫిరోజ్!" అని ఆమె అరిచిన అరుపుకి పక్క గదిలోంచి చయనులు గారు కూడా పరిగెత్తుకొచ్చారు.

ఫిరోజ్ తెర చూసి తెల్లబోయాడు. "అలల చప్పుడు... నీళ్లలో చప్పుడు ఎక్కువైతే మాటలు విరిగిపోయి వస్తాయి. సగం మాట వస్తే ఎరుక దాన్ని నమ్మదు. అడిగినదానికైనా, అతనంతట అతను పలికినదానికైనా తన ఊహే పెట్టేస్తుంది, గీతతో."

"అయితే సగం మాటలు వచ్చాయా? ఎక్కడున్నాయవి?"

"రిసీవర్‌లో ఉంటాయి. ముడి రూపంలో."

రత్నం పాత నల్ల కిటికీ తెరిచింది. రిసీవర్ దాచినదంతా కక్కమంది. ఇంగ్లీషు అక్షరాల తెలుగు, తునకలు తునకలుగా దిగింది. నడుమ నడుమ తను పంపినవి మాత్రం ఎక్కడా విరగకుండా పూర్తిగా ఉన్నాయి.

'అప్పా... తలనొప్... తెల్లారగట్ల నుంచి...'

'ఎర్ర లైటు ఎలిగి... గాలి బరువుగా... కర్ర లాగనా... సెప్పు...'

దానికింద తన మాట. 'పడుకో. ఏం పర్లేదు.'

'...లాగొద్దా...'

తన మాట. 'ఒద్దు. ఇవాళ అలలెక్కువ. కదలకుండా ఉండు.'

'సరే అప్పా.'

ఆ తరవాత అతని నుంచి ఏమీ లేదు. తెప్ప అమ్మేశామన్న కబురు ఆ నిశ్శబ్దంలోకే వెళ్లింది.

కర్ర అంటే గది గోడకి ఉన్న పిడి. అది లాగితే అడుగున కట్టిన ఇనప బరువులు ఊడిపోయి గది పైకి తేలుతుంది. గాలి చెడిపోయినప్పుడు లాగడానికే దాన్ని పెట్టారు. బొగ్గుపులుసు వాయువు పెరిగితే మనిషికి ముందు తల నొప్పెడుతుంది, తరవాత మత్తు కమ్ముతుంది, తరవాత లాగాలన్న బుద్ధి కూడా ఉండదు. బుద్ధి ఉన్నప్పుడు తమ్ముడు అడిగాడు. అక్క వద్దంది.

"బరువులు వదిలేస్తున్నాను సార్," అంది రత్నం. ఆ ఆజ్ఞ ఇక్కడినుంచి కూడా పంపొచ్చు.

"ఆగమ్మాయ్, తొందరపడకు," అన్నారు చయనులు గారు. "ఈ అలల్లో గది పైకొస్తే బంతిలా ఎగిరెగిరి పడుతుంది. అద్దం పగిలితే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి మనిషి దక్కడు. అతను బాగానే ఉండి, నిద్రపోతుంటే? చేతులారా చంపినవాళ్లమవుతాం. అంకెలు చూడు, బాగానే ఉన్నాయి కదా."

"అంకెలు మనవి సార్. వాడివి కావు."

చయనులు గారు తెర దగ్గరికి జరిగారు. కళ్లజోడు సర్దుకుని నల్ల కిటికీ దగ్గరికి వంగి, 'కదలకుండా ఉండు' అన్న వరస దాకా చదివారు. ముప్పై ఏళ్లు సముద్రంతో పనిచేసిన మనిషి. నెమ్మదిగా నిటారుగా నిలబడ్డారు.

"కొట్టు," అన్నారు.

రత్నం నల్ల కిటికీలోనే కొట్టి ఎంటర్ నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు. కర్సరు ఒక్కటే ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆ చప్పుడు ఇప్పుడు నీళ్లలో పోతూ ఉండాలి, అలల రొదలో దారి తప్పుతూ ఉండాలి. ఆ మూల తెరిచే ఉన్న ఎరుకలో మాత్రం అప్పుడే వచ్చేసింది, ఎర్రగీతతో, 'బరువులు విడిచాను' అని. ఫిరోజ్ ఆ కిటికీని మూసేశాడు. రత్నం మళ్లీ కొట్టింది. మళ్లీ కొట్టింది. ఒకసారి పోయిన మాట చేరుతుందో లేదో, ఇంకోటి అయినా చేరాలి.

ఆ ఎదురుచూపులోనే తల్లికి ఫోన్ చేసింది. ఈ మాట చెప్పకుండా ఉండగలిగితే ఏమిచ్చినా ఇచ్చేదే.

"అమ్మా, పొద్దుట్నుంచి నేను తమ్ముడితో మాట్లాడలేదు. మిషన్‌తో మాట్లాడేను. ఆడు గాలాడక ఉన్నాడు. గది పైకి తెస్తన్నాం. అలలున్నాయని మా ఓడ ఇంకా కదల్లేదు. మనోళ్లు ఎల్లగలరా?"

 తిడుతుందనుకుంది రత్నం.

"ఏ పక్క తేల్తాది?" అంది పోలమ్మ. చెప్పగానే ఫోన్ పడేసి పరిగెత్తిన చప్పుడు, "ఒరే గురువులూ! తెప్పలు దించండ్రా!" అని పొరుగు కుర్రాణ్ణి పిలిచిన కేక వినిపించాయి.

నల్ల తెర మీద ఒక తునక పడింది. 'బరు... విడి...'

అంతే వచ్చింది. గది యంత్రం పంపినదే, సగం మాటే. కానీ అది అటునుంచి వచ్చిన మాట. రత్నం తల బల్ల మీద ఆనించి ఏడ్చేసింది.

*

హెచ్చరికలు లెక్కచెయ్యకుండా దిగిన ఫైబర్ తెప్పలకే మొదట కనిపించింది గది. అలల మీద దొర్లుతోంది, అద్దం మాత్రం నిలిచింది. గురువులు నడుముకి తాడు కట్టుకుని దాని మీదికి దూకాడు. అద్దంలోంచి చూస్తే ఎల్లాజీ నేల మీద బోర్లా పడి ఉన్నాడట, ఒక చెయ్యి గోడ వైపు చాపి. ఆ వెంటే వచ్చిన ప్రయోగశాల ఓడవాళ్లు బయటినుంచి గాలి గొట్టం తగిలించారు. లోపలి ఒత్తిడి నెమ్మదిగా దించాలి కాబట్టి తలుపు తియ్యడానికి లేదు. మంచిగాలి లోపలికి పోతూ ఉంటే, అద్దానికి మొహం ఆనించి అందరూ చూస్తూ ఉన్నారు. చాలాసేపటికి ఆ చాపిన చేతి వేళ్లు కదిలాయని ఓడలోంచి ఫిరోజ్ వైర్‌లెస్‌లో చెప్పినప్పుడు జెట్టీ మీద పోలమ్మ కూలబడిపోయింది.

గదిని జెట్టీ పక్కకి లాక్కొచ్చి కట్టేశారు. ఒత్తిడి దిగేదాకా ఎల్లాజీ అందులోనే ఉండాలి, మాట్లాడ్డానికి మాత్రం టెలిఫోన్ తీగ తగిలించారు. మొదటి రోజంతా అతను నిద్రలోనే ఉన్నాడు. డాక్టరు అద్దంలోంచి చూసి, కంటిచూపు సంగతి, జ్ఞాపకం సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. రత్నం జెట్టీ విడిచి కదల్లేదు. తల్లి పక్కనే ఉంది గానీ ఆమె మొహం చూడలేదు. అన్నం పెట్టింది, దుప్పటి కప్పింది.

రెండో రోజు పొద్దెక్కాక ఎల్లాజీ లేచి కూర్చున్నాడు. గోడకున్న రిసీవర్ తీసుకున్నాడు. ఇవతల పోలమ్మ తీసింది.

"నాయనా," అంది. 

ఒత్తిడిగాలిలో అతని గొంతు ముక్కులోంచి వచ్చినట్టుంది. "అమ్మా, అప్పకియ్యి."

పోలమ్మ అద్దంలోకి చూసింది, తరవాత కూతురి వైపు చూసింది. ఆ రోజు తరవాత మొదటిసారి సరిగ్గా చూసింది. రిసీవర్ చేతికిచ్చి కొంచెం పక్కకి జరిగింది.

రత్నం రిసీవర్ చెవికి పెట్టుకుంది. రెండు రోజులుగా కూడగట్టుకున్న మాటలున్నాయి. క్షమించమనాలి. గీత సంగతి చెప్పాలి. ఆ మాటలు నావే గానీ నువ్వడిగినదానికి కావురా, నేను విన్నది వేరురా అని చెప్పాలి. నోరు తెరిచింది.

"తమ్ముడూ, నేను..."

"నువ్వేటీ సెప్పకప్పా," అన్నాడు ఎల్లాజీ. అద్దం అవతల అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఆమె మీంచి కదల్లేదు. "నాను సెప్తాను. నువ్వు ఊరికే ఇను."

తెల్లారగట్ల తలనొప్పితో మెలకువ వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. నడుమ నడుమ మాట దొరక్క ఆగిపోతున్నాడు. ఆ ఖాళీల్లోకి ఏ మాట వస్తుందో రత్నానికి చాలాసార్లు తెలిసినట్టే ఉంది. అయినా పెదవి కదపలేదు. అతను వెతుక్కుని చెప్పేదాకా రిసీవర్ చెవికి నొక్కుకుని వింటూ కూర్చుంది.